తమలపాకుల కింద తెల్ల కాగితం

యాభైల నాటి నా డైరీలన్నీ ఒక ట్రంకుపెట్టెలో ఉన్నాయి. ఏటా వేసవిలో వాటిని బయటికి తీసి, ఒక పూట ఎండలో పెట్టి, వేపాకు మార్చి మళ్ళీ లోపల సర్దుతాను. వాటిలో ఒకదాని పేజీల మధ్య నాలుగు మడతలు పెట్టిన కార్బన్ కాపీ ఒకటి ఉంది. నీలం అక్షరాలు వెలిసిపోయినా ఇంకా చదవడానికి వీలుగానే ఉన్నాయి. అది పేర్ల జాబితా. చేతిరాత నాది. మొదటి పేరు కొల్లేటి లంకలో ఉండే ఒక మనిషిది. ఆ పేరు ఇక్కడ రాయను. ఒకసారి రాసినందుకు జరిగింది చాలు.

అప్పుడు మా కాపురం తాడేపల్లిగూడెంలో, ఉద్యోగం ఏలూరులో. పొద్దున పాసింజరులో వెళ్ళి సాయంత్రం పాసింజరులో వచ్చేవాణ్ణి. ఒక ప్రభుత్వాఫీసులో టెంపరరీ గుమాస్తాని. ఏ ఆఫీసన్నది ఇప్పుడు అనవసరం. నా పని అర్జీల రిజిస్టరు. ఎవరిచ్చారు, ఏ ఊరు, ఏ విషయం, ఏ తేదీన అందింది, జవాబు ఏమని వెళ్ళింది. ఇవీ గడులు. చివరి గడి చాలావరకు ఖాళీగా ఉండేది. మిగిలిన నాలుగూ నేను ముత్యాల్లాంటి అక్షరాలతో నింపేవాణ్ణి. నా రాత బాగుంటుందని ఆఫీసులో పేరు. ఎవరికి వీడ్కోలు సభ జరిగినా, ఎవరికి స్వాగతం చెప్పినా బోర్డు నేనే రాయాలి.

ఆ రిజిస్టరులో అందరికన్నా ఎక్కువసార్లు కనిపించే పేరు ఈ లంక మనిషిది. చేపలు పట్టుకుని బతికేవాడు. అప్పటికి నలభై దాటిన వయసు. చిన్నప్పుడు నాలుగో తరగతి దాకా చదివాడట. లంక మొత్తానికి అర్జీలు ఆయనే రాసేవాడు. ఉప్పుటేరు పూడిపోయి కొల్లేటి నీళ్ళు సముద్రంలోకి దిగడం లేదని, అందుకే ప్రతి వానాకాలం ఇళ్ళు మునుగుతున్నాయని ఒకటి. బడికి మాస్టరు రావడం లేదని ఒకటి. రేవులో పడవ దిగేచోట బురదలో ముసలివాళ్ళు పడిపోతున్నారని, రాళ్ళు వేయించమని ఒకటి. ఒకే విషయం మీద మళ్ళీ రాసినప్పుడు, 'ఇది వరకు చేసుకున్న మనవికి జ్ఞాపకం' అని పైన గీత గీసి రాసేవాడు. నాకు ఆ పద్ధతి ఎంతో నచ్చేది.

వరద వచ్చిన ఒక సంవత్సరం కూలిన ఇళ్ళ వివరాలు రాసుకురమ్మని నన్ను ఆ లంకకి పంపారు. రెండు రోజులు ఆ మనిషి ఇంట్లోనే ఉన్నాను. తాటి దోనెలో తిప్పి ఇల్లిల్లూ ఆయనే చూపించాడు. ఆయన భార్య కొర్రమీను పులుసు పెట్టింది. బయలుదేరేటప్పుడు ఆమె ఇత్తడి పళ్ళెంలో తాంబూలం తెచ్చింది. ఆకులు తీసుకోబోతే కింద మడిచిన కాగితం తగిలింది. ఉప్పుటేరు గురించిన అర్జీ.

"ఇదేమిటండీ, చేతికిస్తే తీసుకోనా?" అన్నాను.

"మీరు తీసుకుంటారులెండి," అన్నాడాయన. "ఇది మా తాతల నాటి అలవాటు. అప్పట్లో దొరలొచ్చేవారు, దివాన్లొచ్చేవారు. కాగితం చేతికిస్తే విసిరికొట్టేవాళ్ళు. తాంబూలం విసిరికొట్టలేరు కదండీ. ఆకు పుచ్చుకుంటే కాగితం కూడా పుచ్చుకున్నట్టే."

ఆమె తలుపు దగ్గర నుంచుని, "ఆకులు నమిలేసి కాగితం దోనెలో వదిలేసి పోయిన మారాజులూ ఉన్నారండీ," అంది.

ఈ సంగతి ఏలూరు వచ్చాక ఆఫీసులో నవ్వుతూ చెప్పాను. అందరూ నవ్వారు. మా ఆఫీసరు గారు కూడా. అది గుర్తుపెట్టుకునే మనిషి అని నేను అనుకోలేదు.

కొన్నాళ్ళకి ఒక విదేశపు మంత్రి మా ప్రాంతానికి వస్తున్నాడని కబురొచ్చింది. ఆ దేశం పేరు కూడా రాయను. అలాంటి దేశాలు ఆ రోజుల్లోనూ కొన్ని ఉన్నాయి, తరవాతా ఉన్నాయి. అక్కడ ఎన్నికలు లేవు. నాయకుడు ఒక్కడే. అతనికి నచ్చని మాట అన్న మనిషి మర్నాడు కనబడడని పత్రికల్లో చదివేవాళ్ళం. మంత్రి గారు దెందులూరు వైపు వరిచేలు చూసి, తరవాత కొల్లేటిలో చేపలు పట్టడం చూస్తారట. దగ్గరగా ఉంటుందని ఆ లంకనే ఎంచారు. ఏలూరులో ఆహ్వాన సంఘం ఏర్పడింది. బోర్డు రాసేవాణ్ణి కనుక సంఘం సమావేశాలకి నన్నూ కూర్చోబెట్టేవారు.

సంఘానికి అధ్యక్షుడు తాడేపల్లిగూడెం పెద్దమనిషి ఒకాయన. స్వాతంత్ర్య పోరాటంలో రెండుసార్లు జైలుకి వెళ్ళివచ్చినవాడు. ఖద్దరు చొక్కా, చేతిలో గొడుగు, ముక్కుపొడుం. మొదటి సమావేశంలోనే ఒక మిల్లు యజమాని లేచి అడిగాడు.

"అధ్యక్షులవారూ, సొంత జనాన్ని జైళ్ళలో కుక్కేవాడికి మనం దండ వెయ్యడమేమిటండీ?"

"ఇంటికొచ్చినవాడికి మంచినీళ్ళివ్వమా?" అన్నాడు ఇంకొకాయన.

"మంచినీళ్ళు ఇద్దామండీ. పద్యాలెందుకు?"

అధ్యక్షుడు పొడుం పీల్చి, రుమాలుతో ముక్కు తుడుచుకుని, "పద్యాలు మానేద్దాం. బోర్డు ఒకటి పెడదాం. మన రాజ్యాంగం మొదట్లో నాలుగు మాటలున్నాయి కదా, అవి పెద్ద అక్షరాలతో రాయిద్దాం. ఆయన్ని పొగడనక్కర్లేదు, తిట్టనక్కర్లేదు. మనం ఎవరమో చూసి వెళ్తాడు," అన్నాడు.

ఆ రోజు సాయంత్రం పాసింజరులో ఆయన ఎదురు సీట్లో కూర్చున్నాను. అడగాలా వద్దా అనుకుంటూనే అడిగాను.

"ఆ నాలుగు మాటలూ మనకోసం రాసుకున్నవి కదండీ. పరదేశం వాళ్ళతో వ్యవహరించడానికి అవెలా పనికొస్తాయి?"

ఆయన కిటికీలోంచి చూస్తూ, "నాకూ సరిగ్గా తెలియదబ్బాయి," అన్నాడు. "ఢిల్లీలో కూర్చున్నవాళ్ళకి తెలుసేమో. ఏలూరులో కూర్చున్నవాడు ఆ దేశాన్ని మార్చగలడా? మార్చలేడు. మరి ఏం చెయ్యగలడు? అదే ఆలోచిస్తున్నాను." గూడెంలో దిగేటప్పుడు, "జవాబు తెలిస్తే నీకు చెబుతాలే," అన్నాడు.

ఆ ప్రశ్న డైరీలో రాసుకున్నాను. కింద జవాబు కోసం రెండు గీతలు ఖాళీ వదిలాను. నాకు అదొక అలవాటు.

తరవాతి వారం బోర్డు మొదలుపెట్టాను. తెల్లరంగు వేసిన పొడవాటి చెక్క మీద ముదురు నీలం అక్షరాలు. న్యాయం, స్వేచ్ఛ, సమానత్వం, సౌభ్రాతృత్వం. చివరి మాట పట్టక రెండుసార్లు చెరిపి రాశాను. అదే వారంలో మా ఆఫీసరు గారు పిలిచారు.

"రిజిస్టరు చూసి, ఆ చుట్టుపక్కల తరచుగా అర్జీలిచ్చేవాళ్ళ జాబితా ఒకటి తయారుచెయ్యి. పేరు, ఊరు, ఇల్లు ఎక్కడో గుర్తులు. ఎక్కువ ఇచ్చినవాళ్ళు పైన."

నాకు సంతోషం వేసింది. మంత్రి వచ్చేలోగా పాత అర్జీలన్నీ తిరగేసి జవాబులిస్తారనుకున్నాను. చివరి గడి నిండుతుందనుకున్నాను. అంత పెద్ద ఆఫీసరు అర్జీదారుల పేర్లు అడిగితే ఒక గుమాస్తాకి అంతకన్నా వేరే ఏం తోస్తుంది? వివరంగా రాశాను. లంక మనిషి పేరు మొదట పెట్టి, 'రేవు నుంచి కుడివైపు మూడో ఇల్లు, గుమ్మం ముందు వెదురు మావులు ఆరబెట్టి ఉంటాయి' అని గుర్తు కూడా రాశాను. మావు అంటే చేపలు పట్టే బుట్ట. ఆ వాకిట్లో రెండు రోజులు కూర్చున్నవాణ్ణి కనుక నాకు బాగా గుర్తు.

మంత్రి వచ్చే ముందురోజు మధ్యాహ్నం బోర్డుకి అంచు గీస్తున్నాను. ఒక హెడ్ కానిస్టేబులు వచ్చి పక్కన నుంచున్నాడు.

"జాబితా రాసింది మీరేనా అండీ? చాలా నీటుగా ఉందండి. అడగక్కర్లేకుండా నేరుగా ఇంటికే వెళ్ళిపోయాం."

"ఎందుకు వెళ్ళారండీ?"

"రేపటిదాకా స్టేషన్లో కూర్చోబెట్టమన్నారు కదండీ. లంకాయన ఒక్కడే దొరికాడు. మిగతావాళ్ళు అత్తారింటికి వెళ్ళారు, అరక మీదికి వెళ్ళారు, ఏవో చెప్పారు."

కుంచె డబ్బాలో పెట్టి ఆఫీసరు గారి గదిలోకి వెళ్ళాను. "ఆయన తప్పేమీ చెయ్యలేదండీ. అర్జీలు ముందుగా వింటారనుకుని ఆ జాబితా రాశానండీ," అన్నాను.

ఆయన చెడ్డమనిషి కాదు. గొంతు కూడా పెంచలేదు. "వింటాం, తరవాత వింటాం. ఆ మంత్రితో వచ్చేవాళ్ళు పద్ధతులన్నీ ముందే రాసి పంపారు. ఎవరూ మధ్యలో ప్రశ్నలడక్కూడదు, కాగితాలివ్వకూడదు. పైనుంచి సరేనన్నారు. ఒక్క రోజే కదా. కొట్టారా, తిట్టారా? భోజనం పెడుతున్నారు," అన్నాడు. నేను బయటికి రాబోతుంటే, "అన్నట్టు, ఆ తాంబూలం సంగతి నువ్వే చెప్పావు. రేపు పళ్ళేల్లో ఆకుల కింద కాగితాలేవీ లేకుండా నువ్వు చూడాలి," అన్నాడు.

ఆ రాత్రి డైరీలో రాసింది ఒక్కటే మాట: 'బోర్డు పూర్తయింది.' ఇంకేమీ లేదు. ఆ పేజీ తిప్పినప్పుడల్లా ఆ ఖాళీ జాగా వైపు చూస్తాను.

మర్నాడు పొద్దున పది గంటలకి మేమంతా లంకలో ఉన్నాం. రేవు నుంచి పందిరి దాకా ఎర్రమట్టి పోయించారు. ముసలివాళ్ళు జారిపడే బురద ఆ ఒక్క రోజుకి కనిపించలేదు. పందిరి మీద కిక్కిస గడ్డి కప్పి, ఎదురుగా నా బోర్డు కట్టారు. దూరంగా నీళ్ళ మీద గూడబాతులు గుంపుగా కూర్చున్నాయి. కుడివైపు మూడో ఇంటి ముందు మావులు అలాగే ఆరుతున్నాయి.

మంత్రి వచ్చాడు. నేను ఏదో భయంకరంగా ఊహించుకున్నాను. పొట్టిగా, బొద్దుగా, చెమటలు కక్కుతూ, పెళ్ళికొచ్చిన మేనమామలా ఉన్నాడు. చేపలంటే నిజంగా ఇష్టం ఉన్నట్టుంది. వల పట్టుకుని చూశాడు, దోనె రెండు తాటిబొద్దులతో ఎలా చేస్తారో అడిగాడు, మావులో దూరిన చేప ఎందుకు బయటికి రాదో తెలుసుకుందామని లోపలికి చెయ్యి పెట్టి చూశాడు. ఆయన మాటల్ని ఆయన వెంట వచ్చిన దుబాసీ ఇంగ్లీషులోకి మార్చేవాడు. ఇంగ్లీషు నుంచి తెలుగులోకి మా అధ్యక్షుడు చెప్పేవాడు. నాకు ఆశ్చర్యం వేసింది. ఇలాంటి మనిషి ఇంటికెళ్ళి అలాంటి పనులు ఎలా చేస్తాడు? లేక చేసేవాళ్ళంతా ఇలాగే ఉంటారా?

పందిట్లో కూర్చోగానే బోర్డు చూపించి ఏం రాశారని అడిగాడు. అధ్యక్షుడు ఒక్కొక్క మాటా చెప్పాడు. మంత్రి తల ఊపి, "అందంగా ఉంది," అన్నాడట. అక్షరాల గురించో అర్థం గురించో తెలియలేదు.

తాంబూలాల వేళయింది. పందిరి వెనక నేను పళ్ళేలు చూస్తున్నాను. లంక మనిషి భార్య తన ఇత్తడి పళ్ళెం పట్టుకుని వచ్చింది. నా మొహం వైపు సూటిగా చూసింది. పులుసు పెట్టినప్పుడు 'ఇంకాస్త వేసుకోండి బాబూ' అన్న మనిషి.

"చూసుకోండి గుమస్తాగారూ."

ఆకులు ఎత్తాను. వక్కలు, సున్నం, అరటిపండు. అన్నిటికీ అడుగున మడత పెట్టిన కాగితం. విప్పాను. తెల్ల కాగితం. తిప్పి చూశాను. రెండోవైపు కూడా ఏమీ లేదు.

"ఏమీ రాయలేదండీ," అంది.

తడి పళ్ళేనికి ఆకులు అంటకుండా వేసిందేమో అనుకున్నాను. అలా అనుకోవాలని కూడా ఉంది. అర్జీలు ఆపమన్నారు. ఇది అర్జీ కాదు. మళ్ళీ మడతపెట్టి ఆకుల కింద పెట్టి పంపేశాను.

ఆమె నేరుగా మంత్రి దగ్గరికి వెళ్ళి పళ్ళెం ముందు పెట్టింది. ఆయన ఆకులు తీసుకున్నాడు. కాగితం కనిపించింది. విప్పాడు. అటూ ఇటూ తిప్పాడు. దుబాసీకి చూపించాడు. దుబాసీ అధ్యక్షుణ్ణి అడిగాడు. అధ్యక్షుడు ఆమె వైపు తిరిగి, "ఇదేమిటమ్మా?" అన్నాడు.

"అర్జీ అండీ."

"ఇందులో ఏమీ లేదు కదా."

"రాసే ఆయన్ని నిన్న తీసుకుపోయారు కదండీ. మా లంకలో రాత వచ్చింది ఆయనొక్కరికే. అందుకని ఉత్త కాగితమే పెట్టాను."

అధ్యక్షుడికి ఈ సంగతి ఏమీ తెలియదని ఆయన మొహం చూస్తే తెలిసింది. నెమ్మదిగా అడిగాడు.

"ఎవరు తీసుకెళ్ళారు? ఏం చేశాడని?"

"పోలీసులండీ. ఏం చేశారో వాళ్ళూ చెప్పలేదు. ఈయనొస్తున్నారని అన్నారు. ఇక్కడున్న వాళ్ళలో ఈయనే పెద్దవారు కదండీ, మరి ఈయన్నే అడుగుదామని. మా ఆయన్ని వదిలెయ్యమని చెప్పండి బాబూ."

మంత్రి ఏమిటని అడిగాడు. ఇప్పుడు చెప్పవలసినవాడు మా అధ్యక్షుడు. స్వాగతపు మాటలన్నీ గబగబా అనువదించిన మనిషి ఈ రెండు వాక్యాలకి చాలాసేపు తీసుకున్నాడు. తప్పించి చెప్పవచ్చు. ఆమె మీకు దణ్ణం పెడుతోందని అంటే ఎవరికి తెలుస్తుంది? ఆయన ఉన్నదున్నట్టు చెప్పాడు. నాకొచ్చిన కాస్త ఇంగ్లీషుతో ఆ మాత్రం అర్థమయింది.

మంత్రి నవ్వాడు. ఎగతాళి నవ్వు కాదు, ఆదరంగానే నవ్వాడు. అధ్యక్షుడి మోచెయ్యి తట్టి ఏదో చెప్పాడు. దుబాసీ చెప్పాడు. అధ్యక్షుడు దాన్ని తెలుగులోకి మార్చలేదు. మా ఆఫీసరు గారు వచ్చి చెవిలో అడిగితే అప్పుడు అందరికీ వినపడేలా చెప్పాడు.

"ఇబ్బంది పడొద్దు అంటున్నారండీ. పెద్దవాళ్ళు వచ్చినప్పుడు వాళ్ళ దేశంలోనూ ఇలాగే చేస్తారట. మంచి పద్ధతి అంటున్నారు."

ఎవరూ తల ఎత్తలేదు. ఆ మెచ్చుకోలుకి ఎదురుగా నీలం అక్షరాలతో నా బోర్డు వేలాడుతోంది.

అధ్యక్షుడు లేచి నుంచున్నాడు. మొదట మంత్రికి ఇంగ్లీషులో, తరవాత మాకు తెలుగులో చెప్పాడు. "దొరల కాలంలో గవర్నరు ఏలూరు వస్తున్నాడంటే ముందురోజే నన్ను తీసుకెళ్ళి కూర్చోబెట్టేవాళ్ళు. అన్నం పెట్టేవాళ్ళు, కొట్టేవాళ్ళు కాదు. మీ దేశంలో మీరేం చేస్తారో చెప్పడానికి నేనెవణ్ణి? మా ఇంట్లో మాత్రం ఇది తప్పు. మీరు చూస్తుండగా జరిగింది కనుక మీరు చూస్తుండగానే దిద్దుకుంటాం. ఆయన వచ్చేదాకా దయచేసి కూర్చోండి."

మా ఆఫీసరు గారు దగ్గరికి వచ్చి, "అతిథి వెళ్ళగానే వదిలేద్దామండీ. సాయంత్రానికి ఇంట్లో ఉంటాడు," అన్నాడు.

"వద్దండి. ఆయన వెళ్ళాక వదిలితే ఆయన పద్ధతి మనం పూర్తిగా పాటించినట్టే."

ఆఫీసరు గారు జేబులోంచి కలం తీసి, లంక మనిషిని వదిలెయ్యమని రెండు వాక్యాలు రాసి సంతకం పెట్టాడు. ఎవరు తీసుకెళ్తారని ఆయన చుట్టూ చూస్తుంటే నేనే చెయ్యి చాపాను.

దోనెలో గట్టుకి, గట్టు మీంచి జీపులో స్టేషనుకి. లంక మనిషి బల్ల మీద కూర్చుని ఏదో రాస్తున్నాడు. పక్కన నిన్నటి హెడ్ కానిస్టేబులు వంగి చూస్తున్నాడు.

"అత్తిలికి బదిలీ కావాలటండీ ఈయనకి," అన్నాడు లంక మనిషి నన్ను చూసి. "వాళ్ళమ్మ ముసలావిడ, ఒంటరిగా ఉంటుందట. ఒక్క నిమిషం, 'చిత్తగించవలెను' అని రాసి వచ్చేస్తాను."

కానిస్టేబులు సిగ్గుపడి, "ఖాళీగా ఉన్నారు కదా అనండీ..." అన్నాడు.

కాగితం ముగించి, మడిచి ఇచ్చి, అప్పుడు లేచాడు. గట్టు దగ్గర జీపు దిగుతూ చెప్పాను.

"ఏవండీ, ఆ జాబితా రాసింది నేనే. మీ అర్జీలకి జవాబులిస్తారనుకున్నాను. ఇంటి గుర్తులు కూడా నేనే రాశాను."

ఆయన దోనెలో కాలు పెట్టి ఆగాడు. "మావుల సంగతి కూడానా?"

"అదీ రాశానండీ."

"అనుకున్నాను. చీకట్లో కూడా ఇల్లు తప్పకుండా వచ్చేట్టు ఎవరో మా ఇంట్లో అన్నం తిన్నవాడే చెప్పాడని." నేను ఎక్కాక గడ పట్టుకుని దోనెని నీళ్ళలోకి నెట్టాడు. కొంత దూరం పోయాక, "వరసలో నా పేరు ఎన్నోది?" అన్నాడు.

"మొదటిదండీ."

"పోన్లెండి. ఇన్నాళ్ళూ అర్జీలకి జవాబు రాలేదు, పొయ్యిలోకి పోతున్నాయేమో అనుకున్నాను. లెక్కన్నా పెట్టారు."

ఆయన నన్ను క్షమించాడని అనుకోను. నవ్వనూ లేదు. గడ వేస్తూనే ఉన్నాడు. నేను కూడా ఇంకో గడ తీసుకుని వేశాను. నాకు సరిగ్గా రాదు. దోనె రెండుసార్లు నీళ్ళ మీది గుర్రపుడెక్క ఆకుల్లోకి పోయింది.

మేము వెళ్ళేసరికి మంత్రి ఇంకా అక్కడే ఉన్నాడు. అది నేను ఊహించలేదు. ఆయన వెంట వచ్చినవాళ్ళు గడియారాలు చూసుకుంటూ రైలు గురించి గొడవ పడుతున్నా, ఆయన మాత్రం కొబ్బరిబొండాం పట్టుకుని రేవు వైపే చూస్తున్నాడట. మనిషిని నిజంగా తెస్తారా లేదా అన్నది చూడాలనుకున్నాడేమో.

లంక మనిషి వచ్చి ఆయనకి నమస్కారం పెట్టాడు. భార్య వైపు చూశాడు. ఆమె, "అన్నం తిన్నారా?" అంది. "తిన్నాను," అన్నాడు. అంతే.

మంత్రి ఒక్క ప్రశ్న అడిగాడు. అధ్యక్షుడు తెలుగులో చెప్పాడు: "మళ్ళీ రాస్తావా అని అడుగుతున్నారు."

"రాళ్ళు వేసేదాకా రాస్తానండీ. ఈ ఎర్రమట్టి రేపు వానకి పోతుంది."

మంత్రి నవ్వలేదు ఈసారి. లేచాడు. ఆ తెల్ల కాగితం ఇంకా ఆయన చేతిలోనే ఉంది. పళ్ళెంలో పెట్టబోయాడు. మళ్ళీ ఏమనుకున్నాడో, చిన్నగా మడిచి కోటు లోపలి జేబులో పెట్టుకున్నాడు. ఆ కాగితాన్ని తన దేశంలో ఏం చేశాడో, పారేశాడో, ఎవరికైనా చూపించి ఆ కథ చెప్పాడో, చెప్పినప్పుడు గొంతు తగ్గించాడో, ఇన్నేళ్ళుగా నాకు తెలుసుకోవాలని ఉంది. తెలుసుకునే దారి లేదు. ఆయన మారాడని చెప్పడానికి నా దగ్గర ఏ ఆధారమూ లేదు. ఆ దేశం మారలేదని మాత్రం పత్రికల వల్ల తెలుస్తూనే ఉండేది.

పడవలు కదిలాక అధ్యక్షుడు నా పక్కన నుంచుని పొడుం డబ్బా తీశాడు. "రైల్లో అడిగావు, గుర్తుందా?" అన్నాడు. "మన మాటలు వాళ్ళతో ఎలా పనికొస్తాయని. ఈ పూట నాకు తోచింది ఇంతవరకే. వాళ్ళ ఇంటికి మన పద్ధతి పంపగలమో లేదో తెలియదు. వాళ్ళొచ్చినప్పుడు వాళ్ళ పద్ధతి మన ఇంట్లోకి రాకుండా చూసుకోవాలి. అదైనా ఆవిడ చెప్పబట్టే తెలిసింది. నీ బోర్డు, నా ఉపన్యాసం ఉన్నా నిన్న అది వచ్చి కూర్చుంది కదా."

జాబితా నేనే రాశానని ఆయనకి కూడా చెప్పాను. ఆయన నన్ను చూసి, "చెప్పావు. మంచిది," అన్నాడు. ఆ మాటల్లో ప్రశంస లేదు.

అందరూ వెళ్ళిపోతుంటే లంక మనిషి పిలిచాడు. గుమ్మంలో మావులు పక్కకి జరిపి చాప వేశాడు. మధ్యలో కాగితం, సిరాబుడ్డి, కలం పెట్టాడు.

"మీ రాత నా రాతకన్నా బాగుంటుందని కానిస్టేబులు చెప్పాడండీ. కూర్చోండి. రేవులో రాళ్ళ గురించి. నేను చెబుతాను, మీరు రాయండి."

రాశాను. పైన 'ఇది వరకు చేసుకున్న మనవికి జ్ఞాపకం' అని రాసి కింద గీత గీశాను. ఆయన వాక్యాలు చిన్నవి. ఎక్కడా బతిమాలుకోలేదు, ఎవర్నీ తిట్టలేదు. ముగ్గురు ముసలివాళ్ళు పడ్డారు, ఒకామెకి తుంటి విరిగింది, రాళ్ళు ఎన్ని కావాలి, ఎక్కడ వెయ్యాలి. నేను అలంకారంగా ఒక మాట కలపబోతే, "అది నేను చెప్పలేదండీ," అన్నాడు. కొట్టేశాను. చివర ఆయన సంతకం పెట్టాడు.

ఆయన భార్య పళ్ళెం తెచ్చింది. ఆకులు వేసి, కాగితం వాటి కింద పెట్టి, నా ముందు పెట్టింది.

"పుచ్చుకోండి," అంది.

పుచ్చుకున్నాను. మర్నాడు ఆఫీసులో దాన్ని రిజిస్టరులో ఎక్కించాను. ఎవరిచ్చారన్న గడిలో ఆయన పేరు రాసి, పక్కన చిన్నగా 'రాసినది నేను' అని నా సంతకం పెట్టాను. ఆఫీసరు గారు చూశాడు. ఆ మాట కొట్టెయ్యమనలేదు. రేవులో రాళ్ళు పడడానికి ఇంకా చాలా కాలం పట్టింది, ఇంకా చాలా జ్ఞాపకాలు వెళ్ళాయి. ఉప్పుటేరు సంగతి నేను రిటైరయ్యేనాటికి కూడా తేలలేదు.

డైరీలో ఆ ప్రశ్న కింద వదిలిన రెండు గీతల్లో మొదటిదాంట్లో అధ్యక్షుడి మాట రాశాను. రెండోది ఇంకా ఖాళీగానే ఉంది. ప్రతి వేసవిలో ఎండలో పెట్టినప్పుడు ఆ పేజీ తెరిచి, ఏమైనా తోస్తుందేమోనని కాసేపు చూసి, మళ్ళీ జాబితాని మడిచి అక్కడే పెడుతున్నాను.